మొహం కనిపించే బండ

జూన్ 4, బుధవారం

నా బీపీ చూసిన డాక్టరు, కోపం వచ్చినప్పుడు ఎవరి మీదా అరవకుండా ఆ కోపాన్ని కాగితం మీద పెట్టమన్నాడు. మా ఆవిడ అరుణాదేవి ఆ మాట గట్టిగా పట్టుకుంది. సిమెంటు కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీని అల్మారాలోంచి తీసి నా ముందు పడేసి, "నా మీద ఒర్రే బదులు దీని మీద ఒర్రు. ఇది మల్ల మాట్లాడది" అంది.

ఇవాళ కోపం లేదు కాబట్టి రాయడానికీ ఏమీ లేదు.

నా బిడ్డ రచన ఫోన్ చేసింది. చెరువు పక్కన కొత్త సైకిల్ బాట మీద జనం తిరగడం మొదలైందట. ఫొటో పంపింది. మా పాలిష్ యూనిట్ నుంచి వెళ్లిన నా బండలు మెరిసిపోతున్నాయి. రచన హైదరాబాద్‌లో రోడ్ల నక్షాలు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. తాను గీసిన మొదటి బాట ఇది. దానికి తాండూరు బండే కావాలని ఆఫీసులో కొట్లాడి మరీ ఒప్పించింది. బాట కింద కేబుళ్లు ఉన్నాయట. సిమెంటు అయితే ప్రతిసారీ పగలగొట్టాలి, బండ అయితే లేపి మళ్లీ పెట్టుకోవచ్చు. తెలివి నాదే వచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం రాలేదు. లోడు అడిగినప్పుడు "నాన్నా, గరుకు బండ పంపు, పాలిష్ పట్టకు" అంది. చిన్నపిల్ల, రాయి సంగతి దానికేం తెలుసు? బిడ్డ వేయించే మొదటి బాటకు మిషన్ ఎక్కించని బండ పంపితే తాండూరులో నలుగురిలో తల ఎత్తుకోగలనా? ఒక్కటి వదలకుండా అన్నీ పాలిష్ పట్టించాను. ఏ లోడైనా సరే, చివరి బండలో నా మొహం చూసుకున్నాకే లారీ కదలాలి. అది మా నాన్న పెట్టిన అలవాటు. ఆ రోజు బండలో నా మీసంలోని తెల్ల వెంట్రుకలు కూడా కనిపించాయి. కొబ్బరికాయ కొట్టి, లారీకి బంతిపూల దండ వేసి, దాని ముందు నిలబడి ఫొటో దిగి రచనకు పంపాను.

బండలు చూశాక అది ఏమీ అనలేదు. నచ్చే ఉంటాయి.

జూన్ 9, సోమవారం

నిన్న హైదరాబాద్‌లో మంచి వాన. బాట మీద ఒకాయన జారి పడ్డాడట. పేరు అంజిలయ్య. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్, డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి పోతున్నాడు. తుంటి ఎముక విరిగింది. మన దిక్కు మనిషేనట, బొంరాస్‌పేట. చెబుతుంటే రచన గొంతు బాగోలేదు.

"టైర్లు అరిగినయేమో బిడ్డా" అన్నాను.

"అయ్యుంటది నాన్నా" అంది.

అంతే అయి ఉంటుంది. పాత సైకిళ్లు, బ్రేకులు సరిగా ఉండవు. తమ సైకిల్ బాగు చేయించుకోరు గానీ రోడ్డును తిడతారు.

జూన్ 10, మంగళవారం

ఇవాళ ఫోన్ లేదు. ఇక్కడ వాన లేదు. అక్కడ ఉందేమో.

జూన్ 12, గురువారం

ఇంకో ఇద్దరు పడ్డారట. ఒక టీచరమ్మ, ఒక కాలేజీ పిల్లవాడు. దెబ్బలు పెద్దవి కావు. కానీ చెరువు ఎదురుగా ఉన్న దుకాణాల వాళ్లు దీన్ని దొరకబుచ్చుకున్నారు. సైకిల్ బాట వల్లనే జనం పడుతున్నారు, దాన్ని తీసేసి మా గిరాకీల కార్లు పెట్టుకోవడానికి ఇవ్వండి అంటున్నారు. ఇరవై ఆరున మీటింగ్. ఉంచడమో తీసేయడమో ఆ రోజు తేలుస్తారు.

"తీసేస్తే తీసేయనీ. గంత పరేషాన్ ఎందుకు?" అన్నాను.

రచన నా మీద లేచింది. నా కోపం కూడా వచ్చింది దానికి.

"నాన్నా, ఇంతకుముందు ఆడ ఉత్త తెల్ల గీత ఉండె. గీత మీద కార్లు నిలబెడుతుండె. సైకిలోళ్లు మల్ల నడి రోడ్డు మీదికే వచ్చేటోళ్లు, బస్సుల నడుమకు. గట్టు కట్టి బాట వేరు చేసినంకనే ముసలోళ్లు, ఆడోళ్లు సైకిల్ బయటికి తీసిన్రు. ఇప్పుడు గిది తీసేస్తే మల్ల ఎవ్వరు కట్టరు. ఒకసారి కడితే జనం పడ్డరని చెప్పుకుంట పదేండ్లు తప్పించుకుంటరు."

తర్వాత అంది. "బండల మీద అడిగిన్రు. గరుకు బండనే వచ్చింది, నేనే చూసుకున్న అని చెప్పిన."

నేను ఏమన్నానో సరిగా గుర్తు లేదు. అన్నం తిన్నావా అని అడిగినట్టున్నాను.

"నువ్వు గూడ సైకిల్ మీదనే పోతున్నవా?"

"రోజూ పోతున్న."

"వాన పడ్డ నాడు ఆటోల పో."

"ఎందుకు నాన్నా? బండ మంచిదే గదా."

జూన్ 13, శుక్రవారం

వాన పడుతుందా అని మెసేజ్ పెట్టాను. లేదంది.

జూన్ 14, శనివారం

వాన పడుతుందా అని అడిగాను. చినుకులు అంది. ఆటోలో పొమ్మని మెసేజ్ పెట్టాను. మళ్లీ పెట్టాను. ఇంకోసారి పెట్టాను. జవాబు రాలేదు. సాయంత్రం ఇంటికి చేరి "వచ్చిన" అని ఒక్క ముక్క పంపింది. ఈ మధ్యలో మా యూనిట్‌లో మిషన్ నడిపే ఎంకయ్య మీద అరిచాను, లారీ డ్రైవరు మీద అరిచాను, కరెంటు పోతే కరెంటు మీద కూడా అరిచాను. డైరీ ఇంట్లో ఉంది మరి, ఏం చేయాలి?

జూన్ 15, ఆదివారం

పొద్దున యాలాల్ రోడ్డు వైపు వెళ్లాను. పని ఏమీ లేదు. ఊరికే ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. బండల లారీలు వరసగా వస్తున్నాయి, తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో ఇద్దరు ఆడపిల్లలు సైకిళ్ల మీద మట్టి అంచున పోతున్నారు. లారీ వచ్చినప్పుడల్లా కాలు కింద పెట్టి ఆగిపోతున్నారు. వెనక లారీ నాదే.

రచన పదో తరగతిలో ఇదే రోడ్డు మీద పోతుంటే లారీ వెనక చక్రం దాని చెప్పును లాక్కుపోయింది. చెప్పునే. ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చి, ఏడవకుండా, "సైకిలోళ్లకు వేరే రోడ్డు ఎందుకు ఎయ్యరు నాన్నా?" అని అడిగింది. నేను కొత్త చెప్పులు కొనిచ్చాను. ప్రశ్నకు జవాబు మాత్రం తనే వెతుక్కుంది, పదేళ్లకు పైగా చదువుకుని.

పాలిష్ బండ జారుతుందని ఎవరన్నారు అసలు? తాండూరులో సగం ఇళ్లలో అదే బండ. మా పెళ్లి మండపంలో అదే బండ. ఎవరు పడ్డారు? రేపు తేల్చేస్తాను.

జూన్ 17, మంగళవారం

కుడి చేతికి కట్టు. ఎడమ చేత్తో రాస్తున్నాను. బాత్‌రూంలో జారాను.

జూన్ 19, గురువారం

డైరీకి కూడా అబద్ధం చెప్పాను. దీన్ని ఎవరు చదువుతారని?

అరుణాదేవికీ అదే చెప్పాను. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టి, "మన బాత్‌రూంల గరుకు బండ గదా ఉన్నది. నువ్వే ఏపిచ్చినవ్. ఎట్ల జారినవ్?" అంది. నేను కాఫీ గ్లాసు అందుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు. అడిగితే కోప్పడేవాణ్ని, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

జరిగింది ఇది. సోమవారం యూనిట్‌లో ఆ లోడులో మిగిలిన బండలు ఆవరణలో పరిపించాను. ఎంకయ్య సైకిల్ తీసుకుని ఎక్కాను. చాలా ఏళ్లకు ఎక్కాను, పొట్ట అడ్డం వచ్చింది. పొడి బండల మీద తొక్కాను, ఏమీ కాలేదు. నీళ్లు పోయమన్నాను. తడి మీద నేరుగా తొక్కాను, అప్పుడూ ఏమీ కాలేదు.

"చూసినవా?" అన్నాను.

"చూసిన సేటు" అన్నాడు ఎంకయ్య.

అక్కడ దిగితే సరిపోయేది. కానీ చెరువు దగ్గర బాట మలుపు తిరుగుతుందని రచన చెప్పింది గుర్తొచ్చింది. హ్యాండిల్ తిప్పాను. ముందు చక్రం నాతో మాట మాత్రం చెప్పకుండా వెళ్లిపోయింది. బండ మీద బోర్లా పడి ఉన్నాను. నీళ్ల కింద నా మొహం కనిపించింది. చాలా స్పష్టంగా కనిపించింది, పాలిష్‌కు వంక పెట్టలేం.

ఎంకయ్యను తిట్టాను. వాడు నన్ను లేపుతూ, "నీళ్లు పోయమన్నది నువ్వే, తొక్కింది నువ్వే. ఇగ నన్నెందుకు తిడుతవ్ సేటు?" అన్నాడు.

అంజిలయ్య కూడా ఇలాగే పడి ఉంటాడు. ఆయనను లేపడానికి ఎంకయ్య లేడు.

జూన్ 20, శుక్రవారం

ఫోన్ తీశాను. పెట్టేశాను. మీటింగ్‌కు ఇంకా టైం ఉంది.

వాన పడుతుందా అని మెసేజ్ పెట్టాను. ఎడమ చేత్తో.

జూన్ 22, ఆదివారం

ఇవాళ వికారాబాద్. చెయ్యి నొప్పిగా ఉంది, అయినా రాయాలి.

అంజిలయ్యకు ఆపరేషన్ అయ్యాక చూసుకునేవాళ్లు దగ్గరుంటారని ఇక్కడి ఆసుపత్రికి మార్చారు. రచన చూడడానికి వస్తున్నానని, నన్నూ రమ్మని ఫోన్ చేసింది. "మన దిక్కు మనిషి నాన్నా, జర వచ్చి పలకరించు" అంది. తాండూరులో రైలెక్కాను. కిటికీ పక్కన కూర్చుని ఏమేం చెప్పాలో అన్నీ అనుకున్నాను. దిగేసరికి ఒక్కటీ గుర్తు లేదు. స్టేషన్‌లో రచన నా కట్టు చూసి "బాత్‌రూంలనేనా?" అంది. అవునన్నాను.

అంజిలయ్య నా వయసువాడే. బక్క మనిషి. మమ్మల్ని చూసి లేవబోయాడు, రచన ఆపింది. ఆపిల్ పండ్లు పక్కన పెట్టి, ఎట్లుంది అని అడిగాను.

"మంచిగనే ఉన్నది పటేలా. తప్పు నాదే. నాకే సక్కగ తొక్కరాలె" అన్నాడు. తర్వాత రచన వైపు తిరిగాడు. "బిడ్డా, ఆ బాట తీసేస్తరంట గదా? తియ్యొద్దని చెప్పు. ఇంతకుముందు రోడ్డు మీద పోతుంటే బస్సులు చెవు పక్క నుంచి కొట్టుకపోయేటివి. ఎన్నిసార్లు పక్కకు పడ్డనో. గా బాట మీద ఎక్కినంక మొదటిసారి తల లేపి చెరువు చూసిన. నేను పడ్డనని దాన్ని తియ్యొద్దు."

నేను అక్కడ నిలబడలేకపోయాను. వరండాలోకి వచ్చాను. రచన వెనకే వచ్చింది.

"బిడ్డా, నువ్వు గరుకు బండ అన్నవు. నేను పాలిష్ పట్టి పంపిన."

చెప్పేశాను. ఇంత చిన్న మాట. దాని కోసం ఇన్ని రోజులు నిద్ర పాడు చేసుకున్నాను.

"తెలుసు నాన్నా" అంది.

"ఎప్పటిసంది?"

"లోడు దిగిన పొద్దే. చెయ్యి పెట్టి చూసిన."

"మరి వాపస్ పంపకపోయినవా?"

"పూలదండ ఏసి పంపినవ్ నాన్నా. ఫొటోల ఎంత ఖుషీగున్నవో. గా లోడును వాపస్ ఎట్ల పంపాలె? వానలు మొదలయ్యేలోపు ఏదన్న చేద్దామనుకున్న. వాన ముందే వచ్చింది. గప్పటికే మంచి బండ అని చెప్పి కూసున్న."

నాకు పట్టరాని కోపం వచ్చింది. బీపీ, డాక్టరు, డైరీ ఏవీ గుర్తు రాలేదు. "నా పరువు కోసం ఇంకో మనిషి నడుం అడ్డం పెడతవా? గిందుకేనా నిన్ను చదివిపిచ్చింది?" అని అరిచాను. నర్సు బయటికి వచ్చి చూసింది. పేషెంట్ల చుట్టాలంతా చూశారు.

రచన అరవలేదు. మెల్లగా అంది. "నువ్వు పెట్టలేదా నాన్నా?"

పక్కన బెంచీ ఉంది, కూర్చున్నాను. అది కూడా వచ్చి కూర్చుంది. అంజిలయ్య పడ్డ రోజు నుంచి ఇద్దరం ఒకరి పరువు ఒకరం కాపాడుకుంటూ ఉన్నాం. ఆయన మాత్రం లోపల పడుకుని తప్పు నాదే అంటున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఎడమ చేత్తో తుడుచుకోవడం కూడా సరిగా రాలేదు. రచన తన చున్నీతో తుడిచింది.

"చెయ్యి బాత్‌రూంల ఇరగలేదు గదా?" అంది.

"కాదు."

"సైకిల్ తొక్కినవా?"

"మలుపుల పడ్డ."

అది నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

లోపలికి వెళ్లి అంజిలయ్యకు ఇద్దరం చెప్పాం. తప్పు నీది కాదు, బండది కూడా కాదు, మాది అని చెప్పాను. ఆయన పైకప్పు వైపు చూశాడు. తర్వాత నావైపు చూడకుండా, "గట్లనా" అన్నాడు. తిడితే బాగుండేది. ఆ 'గట్లనా' రైలంతా నాతోనే వచ్చింది.

జూన్ 26, గురువారం

మీటింగ్‌లో రచన లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తప్పు బండ వచ్చింది, నేను చూసి కూడా ఆపలేదు, బాటలో తప్పు లేదు అని. ఎంక్వైరీ అయ్యేదాకా ఆఫీసుకు రావద్దన్నారు. బాటను అప్పుడే తీయరట. బండలన్నీ మేమే సరిచేసి ఇవ్వాలి. ఆ తర్వాత వానాకాలం వెళ్లేలోపు ఒక్కరు జారినా బాట తీసేసి కార్లకు ఇచ్చేస్తారు.

నాకు భయంగా ఉంది. ఇంతకంటే వేరే మాట దొరకడం లేదు.

తాండూరులో అందరికీ తెలిసింది. నిన్న టీ హోటల్లో నన్ను చూసి ఇద్దరు మాట ఆపేశారు. ఆపితే ఆపనీ.

జూలై 1, మంగళవారం

హైదరాబాద్ నుంచి ఇప్పుడే వచ్చాను. బట్టలన్నీ దుమ్ము. అరుణాదేవి నన్ను గడప దగ్గరే ఆపి దులిపింది.

బాటంతా బండలు లేపి కొత్తవి పరచాలంటే నెలల తరబడి మూసేయాలి. ఈలోపు జనం మళ్లీ బస్సుల మధ్యకు పోతారు. అందుకని ఎంకయ్యను, ఇంకొందరిని తీసుకుని వెళ్లాను. విసుర్రాయికి గంట్లు కొట్టినట్టు, పరిచిన బండలనే ఉలితో కొట్టించాను. సగం బాట తెరిచి ఉంచి సగం కొట్టడం, తర్వాత ఆ సగం. నేను కట్టుతో ఒక కుర్చీలో కూర్చుని చూశాను. ఉలి పడ్డ చోటల్లా తెల్లగా లేచి మెరుపు పోతుంది. కొట్టే ముందు ప్రతి బండలో నా మొహం కనిపించింది, కొట్టాక లేదు. మొదటి రోజు చూడలేక కుర్చీ పక్కకు తిప్పుకున్నాను. రెండో రోజు అలవాటైంది. చివరి రోజు నేనే చెప్పాను, "ఎంకా, గీడ ఇంకా మొహం కనబడుతుంది, కొట్టు" అని.

మలుపు దగ్గర రచన వంగి ప్రతి బండ మీదా అరచెయ్యి పెట్టి చూసింది. రెండు బండలు మళ్లీ కొట్టమంది. నేనే ఎంకయ్యను పిలిచి చూపించాను.

జూలై 3, గురువారం

అక్కడ ఎండ. ఇక్కడ ఎండ. వాన ఎప్పుడు పడుతుందో తెలియక చస్తున్నాను. పడాలనీ ఉంది, పడకూడదనీ ఉంది.

జూలై 6, ఆదివారం

వికారాబాద్ వెళ్లాను, ఒక్కణ్నే. అంజిలయ్య కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. బాట బాగు చేశామని చెప్పాను. ఈసారి నావైపు చూశాడు.

"తీసెయ్యలే గదా?" అన్నాడు.

"ఇప్పటికైతే లేదు."

"నడుం మంచిగ కాంగనే మల్ల పోత. అప్పుడు చెప్త, ఎట్లున్నదో" అన్నాడు. నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

జూలై 8, మంగళవారం

పొద్దున్నే రచన ఫోన్.

"నాన్నా, ఈడ వాన దంచికొడుతుంది. సైకిల్ తీసిన."

ఆటోలో పొమ్మనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఆఫీసే లేదు, ఏడికి పోతున్నవ్?" అన్నాను.

"ఏడికి లేదు. బాట మీదికే. ఫోను కవర్ల ఏసి ముందు బుట్టల పెడుతున్న. మాట్లాడకు, విను."

కుర్చీలో కూర్చుని స్పీకర్ పెట్టాను. ముందు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత బస్సుల హారన్లు, దగ్గరగా. ఎక్కడో గట్టు ఎక్కినట్టు ఒక్క కుదుపు. హారన్లు పక్కకు పోయాయి. ఆ తర్వాత మొదలైంది, గరగర, గరగర, తడి టైరు గరుకు బండను పట్టుకుని పోతున్న చప్పుడు. ముప్పై ఏళ్లుగా రాయిలో ఆ చప్పుడు లేకుండా చేయడమే నా పని. మిషన్ మీద ఎక్కడైనా అది వినిపిస్తే ఎంకయ్యను తిట్టి మళ్లీ పాలిష్ పట్టించేవాణ్ని.

మలుపు దగ్గర చప్పుడు నెమ్మదించింది. నా కట్టు చెయ్యి తెలియకుండానే కుర్చీని పట్టుకుంది, నొప్పి కూడా తెలియలేదు. ఒక్క క్షణం వాన మాత్రమే. తర్వాత మళ్లీ గరగర.

వంటింట్లోంచి అరుణాదేవి కేకేసింది. "ఫోన్ల ఎవ్వరు మాట్లాడుతలేరు, గదేం చప్పుడు?"

"మన బండ" అన్నాను.